ఊరికే వచ్చే పీతలు

"మీ ఊళ్ళో ఊరికే పోతున్నది ఏముందో వెతకండి. మీ వ్యాపారం అక్కడే ఉంది" అన్నాడు మా బిజినెస్ సార్, మొదటి రోజు క్లాసులో. ఆ మాట గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన చెడ్డవాడైనా బాగుండేది, నాలుగు తిట్లు తిట్టుకుని మర్చిపోయేదాన్ని. మంచివాడు. మా పేర్లన్నీ వారం తిరక్కుండా నేర్చుకున్నాడు. ఆడపిల్లలు వెనక బెంచీల్లో కూర్చుంటే ముందుకు పిలిచి కూర్చోబెట్టాడు. మంచివాళ్ళ వల్ల జరిగినదానికి ఎవర్ని తిట్టుకోవాలో తెలియదు.

అప్పుడు నేను గూడూరులో డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ ఏడాదే కాలేజీలో కొత్తగా ఈ కోర్సు పెట్టారు. దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ మేమంతా బిజినెస్ క్లాసు అనేవాళ్ళం. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిలకాయలం, ఒక్కొక్కరూ నిజంగా ఏదో ఒక చిన్న వ్యాపారం మొదలుపెట్టి చూపించాలి. చూపిస్తేనే మార్కులు. బాగా చేసినవాళ్ళను నెల్లూరు తీసుకెళ్ళి పెద్ద స్టేజీ ఎక్కిస్తారు. సార్ నెల్లూరు నుంచి రైల్లో వచ్చేవాడు, భుజాన లాప్‌టాప్ సంచీ, చేతిలో నీళ్ళ సీసా.

నిమ్మకాయల మార్కెట్టు వీధి కుర్రాళ్ళు ఊరగాయ అన్నారు. ఒకమ్మాయి మురుకులంది. ఇంకొకడు ఫోను కవర్లన్నాడు. నా వంతు వచ్చింది.

"మీదేవూరమ్మా?"

"వాకాడు పక్కన సార్. సముద్రం మీద."

క్లాసంతా గొల్లుమంది. సముద్రం ఒడ్డున అనబోయి అట్లా అన్నాను. సార్ మాత్రం నవ్వలేదు. "సముద్రం మీద ఊరికే ఏం వస్తుంది మీకు?" అని అడిగాడు.

"పీతలు సార్" అన్నాను. నోరు ఊరుకోదు కదా!

"ఊరికే ఎవరిస్తారు?"

చెప్పాను. అదే, ఆ చెప్పడంతోనే మొదలైంది అంతా.

మా ఊళ్ళో పీతలు ఎవరికి పడితే వాళ్ళకు అమ్మడానికి వీల్లేదు. ఏటా గంగమ్మ జాతరకు ముందు ఊరి పెద్దలు వేలంపాట పెడతారు. పాట ఎవరు పాడుకుంటే ఆ ఏడంతా మా ఒడ్డున దిగే పీతలన్నీ వాళ్ళవే, ప్రతి పడవా వాళ్ళకే తూకం వేయాలి. పాట డబ్బుతో జాతర జరుగుతుంది, ఊరికి కావలసినవి జరుగుతాయి. ఎవరైనా బయట అమ్మితే దురాయి వేస్తారు. దురాయి అంటే పెద్దల ఆజ్ఞ. పోలీసులకు భయపడనివాళ్ళు కూడా మా ఊళ్ళో దురాయికి భయపడతారు.

అయితే తూకానికి ముందు ప్రతి పడవవాళ్ళూ కొన్ని పీతలు పక్కకు తీస్తారు. అది కూరవాటా. దాన్ని ఎవరూ తూచరు, లెక్క అడగరు. అందులోంచే, ఇంట్లో వేటకు పోయే మగమనిషి లేని ఆడవాళ్ళకు కొన్ని పెడతారు. మా నాన్న నా చిన్నప్పుడే జబ్బు చేసి పోయాడు. పడవలు వచ్చే వేళకు అమ్మ సత్తు గిన్నె పట్టుకుని ఒడ్డుకు పోయేది. ఊరికే నిలబడేది కాదు. వలల్లో చిక్కుకున్న పీతల్ని కాళ్ళు విరగకుండా విడదీసి ఇచ్చేది. ఆ పని అయ్యాక పడవవాళ్ళు గిన్నెలో నాలుగు పీతలు వేసి, "నీ వాటా తీసుకోమ్మే" అనేవాళ్ళు. ఇదిగో అని ఇచ్చినట్టు కాదు, నీదే నువ్వు తీసుకో అన్నట్టు. అమ్మ తలెత్తుకునే ఇంటికి వచ్చేది. ఆ గిన్నెతోనే నేను పెరిగాను.

ఇదంతా వినేసరికి సార్ కళ్ళు మెరిశాయి. "మరి ఆ కూరవాటా అమ్మకూడదని రూలు ఉందా?" అన్నాడు.

ఆలోచించాను. లేదు. పాట తూకం వేసిన పీతల మీదే. తూకం వేయనిదానికి పాటేమిటి, దురాయేమిటి? నాకే ఆశ్చర్యం వేసింది, ఇన్నేళ్ళూ ఇది మా ఊళ్ళో ఎవరికీ ఎందుకు తట్టలేదా అని. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఏం తెలివి, నా తలకాయ! రూలు లేనిది, ఆ పని చేసే ఆలోచన ఎవరికీ రాకపోవడం వల్ల. అట్లాంటి వాటికి రూలెందుకు పెడతారు?

ఇంటికొచ్చి అమ్మతో చెప్తే ఆమె గిన్నె తోముతున్నదల్లా ఆపి నా మొహం చూసింది.

"కూరకు పెట్టింది అమ్ముకుంటారంటమ్మే ఎవురన్నా?"

"మనం తినేది తినకుండా దాచుకుని అమ్ముకుంటే వాళ్ళకేం నొప్పి మా?"

"నొప్పని కాదు. అట్టా యాడా జరగలేదు."

"మార్కులుండాయి దీనికి. చెయ్యకుంటే ఫెయిలు చేస్తారు."

చదువు మాట ఎత్తితే అమ్మ దగ్గర ఇక వాదన ఉండదు. "సదువుకా? అయితే సరే. సారు చెప్పినాడంటే తప్పుండదులే" అంది. సార్ ఎవరో ఆమె చూడనైనా లేదు.

శనివారం, ఆదివారం వచ్చిన వాటా పీతల్ని కాళ్ళు కట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కేదాన్ని. కండక్టరు నన్ను చూస్తే చాలు, "వచ్చిందిరా నాయనా కంపు పెట్టె" అని మొదలుపెట్టేవాడు. పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. సార్ వాళ్ళ అపార్ట్‌మెంటులో వాట్సాప్ గ్రూపు పెట్టించాడు. నెల్లూరు ఇల్లాళ్ళు బతికున్న పీతలు గిన్నెలో గీకుతుంటే కెవ్వుమని అరిచి, మళ్ళీ వారానికి ఇంకాసిని తెమ్మనేవాళ్ళు. ఒకావిడ నన్ను లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అమ్మకు కొత్త చెప్పులు కొన్నాను. అవి ఇసకలో పాడైపోతాయని ఆమె చేత్తో పట్టుకుని నడిచేది, చూసి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

పక్కింటి పిన్ని చూసింది. "మాదీ కాస్త అమ్మిపెట్టమ్మే, మీ సారుకు చెప్పి" అంది. వాళ్ళకు సొంత పడవ ఉంది, ఇద్దరు కొడుకులున్నారు. సరే అన్నాను. తర్వాత ఆమె తోడికోడలు వచ్చింది. తర్వాత ఇంకెవరో. సార్ బోర్డు మీద బాణాలు గీసి చూపించాడు, దీన్నే ఎదగడం అంటారని. కూరకని తీసే పీతలు అంతకు ముందు గుప్పెడు ఉండేవి, ఇప్పుడు బుట్ట నిండుతున్నాయి. తూకానికి పోయేవి ఆ మేరకు తగ్గుతున్నాయి. ఇది నేను చూడకపోలేదు. పెరుగుతోంది అనుకున్నానే గానీ ఎక్కడ తరుగుతోందని అనుకోలేదు.

ఒక పొద్దున అమ్మ వచ్చి గిన్నె గట్టు మీద పెట్టి, "చివరింటి ముసలామె ఖాళీ గిన్నెతో పోయిందమ్మే ఇయ్యాల" అంది. ఆ ముసలామెకు ఎవరూ లేరు. "మన దాంట్లో ఒకటి ఇచ్చినా. తీసుకోనంది" అని కూడా చెప్పింది. నేను పోటీకి అట్టముక్క మీద రంగులేస్తున్నాను. ఊఁ అన్నాను.

పోటీ నెల్లూరులో పెద్ద హాల్లో జరిగింది. ఏసీ చలికి అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. అమ్మను తీసుకురమ్మన్నది సారే. ఆ గిన్నె కూడా తెమ్మన్నాడు. "ఆ గిన్నే నీ కథమ్మా, అది చూస్తే జడ్జీలు పడిపోతారు" అన్నాడు. నేను ఇంగ్లీషులో బట్టీ పట్టింది అప్పజెప్పాను. చివర్లో సార్ సైగ చేస్తే అమ్మ స్టేజీ ఎక్కింది. దీపాల వెలుగులో ఏం చేయాలో తెలియక, పడవ ముందు నిలబడినట్టే రెండు చేతులతో గిన్నె ముందుకు పట్టుకుని నిలబడింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. వెనక తెర మీద "కూరవాటా నుంచి కంపెనీ దాకా" అని పెద్ద అక్షరాలు. ఫోటోలు తీశారు. మాకే మొదటి బహుమతి.

మా ఊళ్ళో అమ్మ చేతిలో ఆ గిన్నెను ఎవరూ అడుక్కునే గిన్నె అనుకోలేదు. నెల్లూరు హాల్లో చూసినవాళ్ళకు అది అడుక్కునే గిన్నెలాగే కనిపించి ఉంటుంది, అందుకే అంత గట్టిగా కొట్టారు చప్పట్లు.

ఆ ఫోటో వాట్సాపుల్లో తిరిగి తిరిగి మూడో నాటికి మా ఊరు చేరింది. పాట పాడుకున్న ఆసామి దాన్ని తీసుకుపోయి పెద్దల ముందు పెట్టాడు. ఒడ్డున వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో కూర్చున్నారు. ఊరంతా వచ్చింది. అమ్మను, నన్ను ముందుకు పిలిచారు.

ఆసామి అరవలేదు కూడా. "నేను పీతలన్నీ నావని పాట పాడినాను. బుట్టలు బుట్టలు కూరకని పక్కకు పోతా ఉంటే నాకింక మిగిలేదేముండాది? వచ్చే ఏడు నేను పాడను. జాతర ఎట్టా చేసుకుంటారో మీరే చేసుకోండి" అన్నాడు.

పెద్దల్లో అందరికన్నా వయసైనాయన్ని నేను తాతా అని పిలిచేదాన్ని. నా చిన్నప్పుడు ఎన్నోసార్లు తన భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడే.

"కూరకు పెట్టింది కూరకే మే. తినాల. లేదంటే లేనోళ్ళకు పెట్టాల. అమ్మినావంటే అది సరుకైపోతాది" అన్నాడు.

నేను ఊరుకున్నానా? "తూకం వెయ్యని దానికి పాట యాడిది తాతా? కూరవాటా అమ్మగూడదని ఎప్పుడన్నా దురాయి వేసినారా?"

అమ్మ నా చెయ్యి గిల్లింది. తాత నా వైపు తిరిగాడు. "లేదులే తల్లే. ఇప్పుడు వేస్తాం" అన్నాడు.

పిన్ని, తోడికోడళ్ళు, అందరూ ఒకటే మాట: "ఆ పిల్ల చెప్పింది, మేం ఇచ్చినాం." వాళ్ళను గంగమ్మ ముందు సాష్టాంగపడి లేవమన్నారు. వాళ్ళు పడవలున్నవాళ్ళు, వాళ్ళ వాటా వాళ్ళ పడవలోనే వస్తుంది, ఎవరూ ఆపలేరు. అమ్మినవాళ్ళలో, ఒకరు పెడితే తప్ప రానిది మాకొక్కళ్ళకే. దురాయి మా ఇంటి మీద వేశారు: ఆ ఇంటికి ఎవరూ కూరవాటా పెట్టకూడదు, పెట్టినవాళ్ళకు తప్పు. తప్పు అంటే జరిమానా. అది కట్టేదాకా వాళ్ళ పడవ నీళ్ళలో దిగదు.

అమ్మ షెడ్డులోంచి బయటికి వచ్చాక, "నువ్వు ఆ మాట అనకుండా ఉంటే గంగమ్మకు మొక్కించి వదిలేసేవోళ్ళేమోమ్మే" అంది, అంతే. ఆ తర్వాత ఇప్పటిదాకా దాని ఊసెత్తలేదు. నాలుగు దెబ్బలు కొట్టినా హాయిగా ఉండేది నాకు.

సార్‌కి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన నిజంగా బాధపడ్డాడు. "ఇది నీకొక చాలెంజ్ అమ్మా, ప్రతి వ్యాపారంలోనూ వస్తుంది. దీన్నుంచి ఏం నేర్చుకున్నావో రాసుకో" అన్నాడు. మా ఊరు వచ్చి పెద్దలతో మాట్లాడండి సార్ అని బతిమాలాను. ప్రిన్సిపాల్‌ని అడిగి చెప్తానన్నాడు. ఊరి గొడవల్లో కాలేజీ వేలు పెట్టదన్నాడట ప్రిన్సిపాల్. మరి ఊరి పీతల్లో ఎందుకు పెట్టినట్టు? నేను అడగలేదు, అడగడానికి సార్ ఉంటే కదా! పరీక్షలయ్యేలోపే ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీకి పోయాడు. ఆ పేపర్లో నాకు నూటికి నూరు మార్కులు వేసి పోయాడు.

దురాయి వేసిన మర్నాడు కూడా అమ్మ గిన్నె తీసుకుని ఒడ్డుకు పోయింది. వద్దు మా అన్నాను. "వల విప్పొద్దని చెప్పలేదు గదమ్మే" అంది. ఆ రోజు కాలేజీ మానేసి నేనూ వెంట పోయాను. అమ్మ ఎప్పట్లాగే కూర్చుని పీతలు విడదీసింది. పని అయ్యాక లేచి, గిన్నె పట్టుకుని నిలబడింది. పడవవాళ్ళు తలలు వంచుకుని తాళ్ళు చుట్టుకుంటున్నారు. ఒకతను గిన్నె దాకా చెయ్యి తెచ్చి, షెడ్డు వైపు చూసి, వెనక్కి తీసుకున్నాడు. "నా చేతుల్లో లేదక్కా" అన్నాడు, ఏడుపు గొంతుతో. అమ్మే అతన్ని ఓదార్చింది. "నాకు తెలవదా నాయనా, పో, పొద్దెక్కతా ఉండాది" అంది. ఎండ చుర్రుమనేదాకా అక్కడే నిలబడి ఖాళీ గిన్నెతో ఇంటికొచ్చాం.

కొన్నాళ్ళు అట్లాగే పోయింది. తర్వాత ఆమె వల విప్పుతుంటే పక్కవాళ్ళు జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు, పెట్టకుండా పని చేయించుకుంటున్నామని వాళ్ళకు సిగ్గు. ఆ సిగ్గు అమ్మ భరించలేకపోయింది. ఒకరోజు గిన్నె కడిగి బోర్లించేసింది. ఊళ్ళో ఇక మాకేముంది? గూడూరులో ఒక గది తీసుకున్నాం. బహుమతి డబ్బు ఆ గది అడ్వాన్సుకే పోయింది. అమ్మ నిమ్మకాయల మార్కెట్టులో కాయలు ఏరే పనికి కుదిరింది. పచ్చివి ఒక పక్కకు, పండినవి ఒక పక్కకు, రోజంతా. చేతుల్లో ఇదివరకు సముద్రం వాసన ఉండేది, ఇప్పుడు నిమ్మ వాసన. మంచిదే కదా అంటారు చూసినవాళ్ళు. పులుపుకు గోళ్ళ చుట్టూ చర్మం ఊడిపోతుంది, అది వాళ్ళకు తెలియదు.

నేను డిగ్రీ అయిందనిపించి ఒక బట్టల కొట్లో బిల్లులు కొడుతున్నాను. వ్యాపారం అనే మాట వింటే లేచి బయటికి పోతాను. కాలేజీ గోడ మీద మాత్రం మా ఫోటో ఇంకా ఉందట, కొత్త పిలకాయలకు చూపిస్తారట. మొన్నామధ్య ఎవరో ఫోన్ చేసి, వచ్చి వాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఫోన్ పెట్టేశాను.

పోయిన నెలలో, ఆదివారం పూట, పక్కింటి పిన్ని మా గది వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళు చూపించుకోవడానికి గూడూరు వచ్చిందట. చేతిలో సంచీ, సంచీలో తడి గోనెపట్టా. లోపల గరగరమని చప్పుడు. అమ్మ మొహం చూడాలి! ఊరొదిలాక ఆ మొహం నేను చూడలేదు. "చుక్కల పీతలే గదమ్మే!" అని, చిన్నపిల్లలాగా మంచం కిందికి వంగి, బోర్లించి పెట్టిన ఆ సత్తు గిన్నె తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, పిన్ని ముందు పట్టుకుంది. ఎప్పట్లాగే, రెండు చేతులతో.

పిన్ని పీత తీయబోయి ఆగింది. అటూ ఇటూ చూసింది. మా గదిలో మేం ముగ్గురమే.

"అక్కా, ఏమీ అనుకోబాకక్కా. మీ ఇంటి మీద దురాయి ఇంకా ఎత్తెయ్యలేదు. ఊరికే పెట్టినానని తెలిస్తే నాకు తప్పు పడతాది. పడవ ఆపేస్తారు."

అమ్మకు అర్థం కాలేదు. "మరి ఎందుకు తెచ్చినావమ్మే?"

"కొనుక్కున్నావంటే ఎవురూ ఏమనరు. ఇప్పుడు మేమంతా అమ్ముకుంటానే ఉండాం గదా. కొత్తగా పాట పాడినాయనే కూరవాటాకు కూడా వెల కట్టి తీసుకుంటా ఉండాడు. పెద్దోళ్ళు కూడా సరేనన్నారు. ఒడ్డున గిన్నెలు పట్టుకోని ఎవురూ రావటంలా ఇప్పుడు."

"చివరింటి ముసలామె?" అని అడిగాను నేను.

"ఆమె పోయింది గదమ్మే, పోయినేడు" అంది పిన్ని, ఆ సంగతి మాకు తెలిసే ఉంటుందన్నట్టు.

అమ్మ నా వైపు తిరగలేదు. తిరుగుతుందేమోనని నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. గిన్నె నేల మీద పెట్టి, బొడ్లో దోపుకున్న చిన్న సంచీ తీసి, ముడి విప్పుతూ, "ఎంతమ్మే?" అంది.

పిన్ని చెప్పింది. అమ్మ బేరం ఆడలేదు. పీతలకు బేరం ఎట్లా ఆడాలో ఆమెకు తెలియదు.